రేవులో అడిగే మాట

అనగనగా ఒక రేవు, ఆ రేవు వెనకాల ఒక ఊరు. ముందు ఊరు చెప్పి తర్వాత రేవు చెప్పాలి గానీ, అక్కడ ముందు పుట్టింది రేవేనట. పడవ ఆగడానికి చోటు కుదిరింది, దిగినవాళ్ళు నాలుగు పాకలు వేసుకున్నారు, ఊరైంది. ఊరి పేరు నాకు గుర్తులేదు. నీకూ అక్కర్లేదు.

పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. మధ్యలో లేచి మంచినీళ్ళంటే నేను లేవను.

ఆ రేవులో పడవ నడిపేవాడు లంకయ్య. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకీ పొద్దస్తమానం జనాన్ని దాటించడం అతని పని. పెళ్ళివాళ్ళని దాటించేవాడు. మేకల్ని దాటించేవాడు. ఓసారి మంచం మీదున్న ముసలాయన్ని మంచంతో సహా దాటించాడట. అతని పెళ్ళాం సూరమ్మ. వాళ్ళకి ఒక కొడుకు తాతబ్బాయి, ఒక కూతురు వరాలు.

తాతబ్బాయి ఊహ తెలిసిందగ్గర్నుంచీ తండ్రితో పాటు పడవ మీదే ఉండేవాడు. వరాలు మాత్రం ఇంటిపట్టునే ఉండాలి. ఆడపిల్ల పడవ పనికి రాకూడదని ఆ ఇంటి ఆచారం. అయితే నీళ్ళలోకి దిగకూడదని ఎవరూ అనలేదు. అనడం మర్చిపోయారు.

అందుకని వరాలు అయిదో ఏట అరటిబోదె పట్టుకుని ఈత నేర్చుకుంది. ఆరో ఏట బోదె వదిలేసింది. పదో ఏడు వచ్చేసరికి, ఊళ్ళో మగపిల్లలంతా రొప్పుకుంటూ ఒడ్డుకి చేరే వేళకి తను గట్టున కూర్చుని జుట్టు పిండుకుంటూ ఉండేది. ఎవరూ నేర్పలేదు. ఇంట్లోవాళ్ళు ఎవరూ చూడలేదు కూడా.

తండ్రికీ అన్నకీ పడవతోనే సరిపోయేది. తల్లి సూరమ్మ అసలు రేవు ముఖమే చూసేది కాదు. స్నానానికి నుయ్యి, బట్టలకీ నుయ్యే. రేవు మీదుగా వెళ్తే సంత దగ్గరే. అయినా సరే, చేలగట్లమ్మట చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎందుకో వరాలుకి తెలీదు. మా అమ్మ అంతే అనుకునేది. పిల్లలు అమ్మల గురించి అలాగే అనుకుంటారు.

ఆ ఇంట్లో ఇంకో చిత్రం ఉండేది. గుమ్మంలోకి కొత్తవాళ్ళు వస్తే మనం ఏమంటాం? ఎవరి తాలూకు, ఎవరి మనుషులు అంటాం. వాళ్ళు అలా అనేవాళ్ళు కాదు. "ఏ రేవు మీది?" అని అడిగేవాళ్ళు. రేవు లేని ఊరివాళ్ళు వచ్చినా అదే అడిగేవాళ్ళు. వరాలు నవ్వుకునేది.

ఇక పందెం సంగతి చెప్తాను. ఆ ఊళ్ళో ఏటా ఒక ఈత పందెం జరిగేది. కార్తీకం వెళ్ళిపోయి, పోలి దీపాలు నీళ్ళలో వదిలిన మర్నాడు పొద్దున. అప్పటికి ఏరు తేటపడుతుంది. ఈదేవాళ్ళందర్నీ లంకయ్యే తన పడవలో ఎక్కించుకుని అవతలి ఒడ్డున దింపేవాడు. అక్కణ్ణించి వాళ్ళు ఈదుకుంటూ ఇవతలి రేవుకి రావాలి. మైలున్నర దూరం.

ముందొచ్చారా, వెనకొచ్చారా అని కాదు. దాటారా లేదా, అంతే చూస్తారు. పడవ పట్టుకోకూడదు. రేవులో తప్ప ఇంకోచోట గట్టెక్కకూడదు. ఒక్కొక్క మనిషి ఒడ్డెక్కినప్పుడు డప్పు మీద ఒక్క దెబ్బ కొడతారు. దాటినవాళ్ళ పేరు రేవు పాకలో ఉన్న చెక్క పలక మీద రంగుతో రాస్తారు, ఇంటిపేరుతో సహా. అదే బహుమానం. పలకెక్కిన మనిషిని ఆ తర్వాత ఎవరూ ఒరే, ఏరా అనేవాళ్ళు కాదట.

అయితే పేరు రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఇది సరిగ్గా విను, కథంతా దీని మీదే ఉంది.

మనిషి ఒడ్డెక్కగానే రేవు పెద్ద కన్నయ్య ఎదురొచ్చి, "ఎవరి మనిషి?" అని అడుగుతాడు. అప్పుడు ఇంటివాళ్ళెవరైనా ముందుకొచ్చి, చెయ్యి పట్టుకుని, "మా మనిషి" అనాలి. మూడుసార్లు అడుగుతాడు. మూడుసార్లు అడిగినా ఎవరూ పలక్కపోతే ఆ ఈత ఈత కిందకి రాదు. ఎప్పుడో పూర్వం ఎవడో ఈదుకుంటూ వస్తే, మావాడంటే మావాడని రెండూళ్ళవాళ్ళు కర్రలు పట్టుకున్నారట. అప్పట్నుంచీ ఇంటివాళ్ళ నోటితో చెప్పించుకుని గానీ రాయరు. కన్నయ్యకి ఊళ్ళో ప్రతి పిల్లా పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసినా అడగాల్సిందే. పద్ధతంటే అతనికి ప్రాణం.

వరాలుకి పదిహేడో ఏడు వచ్చింది. ఆ ఏడు పందెంలో దిగుతానంది. ఆడపిల్లలు దిగొచ్చా అని ఊళ్ళో కాసేపు గోల జరిగింది. కూడదని ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, అంతకు ముందు ఎవరూ అడగలేదు. కన్నయ్య పద్ధతులన్నీ వెతికి చూసి, కాదనడానికి ఏమీ దొరక్క, సరే అన్నాడు.

అప్పుడు వరాలు ఇంటికొచ్చి తండ్రిని అడిగింది. "నాన్నా, నేను ఒడ్డెక్కాక నువ్వొచ్చి చెప్తావా?"

లంకయ్య తాడు పేనుతున్నాడు. పేనుతూనే, "నాకు పడవ పనుంటదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అన్నని అడిగింది. "నాన్నెక్కడుంటే నేనక్కడ" అన్నాడు తాతబ్బాయి.

ఆ తర్వాత తల్లిని అడిగింది. సూరమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "నేను రేవుకి రాను" అంది. 

వరాలు ఏమనుకుందంటే, ఇప్పుడిలా అంటారు గానీ దాటి చూపిస్తే వాళ్ళే పరిగెత్తుకొస్తారు అనుకుంది. ఎవరి మీద వాళ్ళకి నమ్మకం ఉండటం మంచిదే. ఇంటివాళ్ళ తరఫున కూడా తనే నమ్మేసుకుంది, అదే వచ్చిన చిక్కు.

పందెం రోజున లంకయ్య పదకొండు మందిని పడవలో ఎక్కించుకున్నాడు. అందులో కూతురు ఒకతి. దారంతా నీటి వైపే చూస్తూ తెడ్డు వేశాడు. అవతలి ఒడ్డున దింపేటప్పుడు మాత్రం, "ఎగువ పక్కకి పట్టి ఈదు. మధ్యలో లాగుద్ది" అన్నాడు. అందరికీ చెప్పినట్టే చెప్పాడు గానీ ఆమె వైపు చూసి చెప్పాడు.

వరాలు లంగాని గోచీలా బిగించింది. జడ ముడేసింది. డప్పు మోగగానే దూకింది. మధ్యలో లాగింది, లాగనిచ్చి మళ్ళీ ఎగువకి పట్టింది. నాలుగో మనిషిగా ఒడ్డెక్కింది. జనం అరిచారు. ఒడ్డున నిలబడి, మొహాన నీళ్ళు తుడుచుకుని, ఇంటివాళ్ళ కోసం చూసింది.

కన్నయ్య ఎదురొచ్చాడు. "ఎవరి మనిషి?"

అప్పుడే లంకయ్య పడవ రేవులోకి వచ్చింది. అతను దిగలేదు. పడవలో కూర్చునే తాడు గుంజకి చుడుతున్నాడు.

"ఎవరి మనిషి?" రెండోసారి. లంకయ్య ముడి వేశాడు.

"ఎవరి మనిషి?" మూడోసారి. లంకయ్య వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు.

ఎదురింటావిడ ఆగలేక, "మా ఊరి పిల్లేనయ్యా" అంది. "ఊరు కాదమ్మా, ఇల్లు" అన్నాడు కన్నయ్య. అతనికీ బాధగానే ఉంది. బాధపడ్డాడు గానీ పేరు రాయలేదు.

వరాలు నీళ్ళోడుకుంటూ ఇంటికెళ్ళింది. సూరమ్మ వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. తల తుడిచింది. వేడివేడిగా అన్నం వండి, చేపల పులుసు పోసి పెట్టింది. దాటావా అని మాత్రం అడగలేదు. వరాలుకి ఆ ముద్ద గొంతు దిగలేదు. అడిగుంటే దిగేదేమో.

నువ్వు నన్నడుగుతావు, వాళ్ళకి ఆ పిల్లంటే ఇష్టం లేదా అని. ఉంది. మరెందుకలా చేశారో తర్వాత చెప్తాను. వరాలుకి అప్పటికి తెలీదు కాబట్టి నీకూ ఇప్పుడే తెలియక్కర్లేదు.

ఆ తర్వాత ఏడాది తిరిగింది. ఈసారి వరాలు తెలివిగా ఉందామనుకుంది. ముగ్గుర్నీ అడిగితే ముగ్గురూ కాదన్నారు, ఒక్కణ్ణి పట్టుకుంటే పోలా అనుకుంది. అన్నని పట్టుకుంది.

తాతబ్బాయికి ఇష్టమని పులుసులో ఎండబెట్టిన మామిడికాయ ముక్కలు వేసింది. చిరిగిన వల కుట్టిపెట్టింది. అతనికి ఉతకడం ఇష్టముండదని చొక్కాలన్నీ తనే ఉతికింది. ఆఖరికి తాతబ్బాయి, "సర్లే, చెప్తాను. రెండు మాటలేగా" అన్నాడు. వరాలుకి ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు.

పందెం రోజున అతను పడవెక్కలేదు. కొత్త చొక్కా తొడుక్కుని రేవులో ముందు వరసలో నిలబడ్డాడు. వరాలు రెండో మనిషిగా ఒడ్డెక్కింది. దూరాన్నుంచే అన్న చొక్కా రంగు చూసుకుంటూ ఈదిందట.

"ఎవరి మనిషి?" అన్నాడు కన్నయ్య.

తాతబ్బాయి ముందుకొచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండోసారి అడిగాడు కన్నయ్య.  మూడోసారి అడిగాడు. తాతబ్బాయి చెల్లెలి చెయ్యి వదిలేసి, జనాన్ని తోసుకుని వెళ్ళిపోయాడు.

"చెయ్యి పట్టుకున్నాడు గానీ మాట చెప్పలేదు. పద్ధతి ప్రకారం రెండూ కావాలమ్మా" అన్నాడు కన్నయ్య. వరాలు అతని మొహం కూడా చూడలేదు.

మూడు రోజులు వరాలు అన్నతో మాట్లాడలేదు. పులుసు మానేసింది. చొక్కాలు మానేసింది. మూడో రోజు సాయంత్రం పెరట్లో చేపలు ఎండేస్తుంటే తాతబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చెల్లాయ్, ఆ మాట నువ్వు పందెంలోనే విన్నావు. నేను కొత్తనీరు పడ్డప్పుడల్లా వింటాను" అన్నాడు.

వరాలుకి అర్థం కాలేదు. అప్పుడు అతను చెప్పాడు.

కొత్తనీరు పడ్డప్పుడు ఏట్లో ఎవరో ఒకరు కొట్టుకొస్తారు. కాలు జారినవాళ్ళు, వరదలో చిక్కుకున్నవాళ్ళు. అప్పటికే ప్రాణం పోయి ఉంటుంది. వాళ్ళని పడవలోకి తీసుకుని రేవుకి తెచ్చేది లంకయ్య. ఒడ్డున పడుకోబెట్టి, మీద గుడ్డ కప్పి, చేరిన జనాన్ని అడుగుతాడు, "ఎవరి మనిషి?" అని. జనంలోంచి ఒకరు ముందుకొస్తారు. "మా మనిషి" అంటారు. అని అక్కడే కూలబడిపోతారు. ఇదీ రేవు పద్ధతే. పందెంలో మాట ముందు పుట్టిందో, ఈ మాట ముందు పుట్టిందో ఎవరికీ తెలీదు.

"నాన్న అడగ్గా అడగ్గా, నేను వినగా వినగా, ఆ మాట మాకు ఇంకోలా అయిపోయింది. నువ్వు తడిబట్టలతో ఒడ్డున నిలబడ్డావు. కన్నయ్య తాత అడిగాడు. నాకు ఇంక నువ్వు కనపళ్ళేదు" అన్నాడు తాతబ్బాయి.

"మరి అమ్మ?"

"అమ్మ ఒక్కసారే చెప్పింది. నూకరాజు మావయ్యకి. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు."

నూకరాజు సూరమ్మకి తమ్ముడు. పడవ మీంచి జారాడట. ఒడ్డుకి తెచ్చింది లంకయ్యే. తన బావమరిదని తెలుసు. తెలిసినా అడగాల్సిందే కదా. పెళ్ళాం మొహం చూసి అడిగాడు. ఆమె చెప్పింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ రేవుకి వెళ్ళలేదు, అతను మళ్ళీ ఇంట్లో ఆ మాట అనలేదు. ఆడపిల్లని పడవ పనిలోకీ, అలాంటి వేళల్లో రేవు దగ్గరికీ రానివ్వని ఇల్లు గనక వరాలుకి ఇవేవీ తెలీకుండానే పద్దెనిమిదేళ్ళు వచ్చేశాయి.

వరాలుకి ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు. రెండూ ఉండొచ్చు పండూ, ఒకటి వస్తే ఒకటి పోవాలని లేదు.

అప్పుడు ఆమె కన్నయ్య దగ్గరికి వెళ్ళింది. "తాతా, ఆ ఒక్క మాట మార్చకూడదా? ఎవరింటి పిల్ల అని అడుగు. ఏ వీధి పిల్ల అని అడుగు. ఏదన్నా అడుగు" అంది.

కన్నయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నా తాత అడిగిన మాటమ్మా ఇది. నీ కోసం మారిస్తే రేపింకొకరు ఇంకోటి మార్చమంటారు" అన్నాడు. మార్చలేదు.

ఆ తర్వాత మూడో ఏడు వచ్చింది.

కార్తీకం ఆఖర్లో తుఫాను పట్టింది. తేటపడ్డ ఏరు మళ్ళీ ఎర్రబడింది. పందెం ఆపుదామా అన్నారు కొందరు. దిగే ధైర్యం ఉన్నవాళ్ళే దిగుతారులే అన్నాడు కన్నయ్య. ఏడుగురు పేర్లిచ్చారు. ఏడోది వరాలు.

ముందు రోజు అన్నాలు తింటుంటే లంకయ్య, "ఈ ఏడు వద్దమ్మా" అన్నాడు.

"దిగుతాను నాన్నా. మిమ్మల్నెవర్నీ రమ్మని మాత్రం అడగను" అంది వరాలు. "ఎవరూ చెప్పకపోయినా ఏటేటా దాటుతాను. ఆయన అడుగుతాడు, ఎవరూ పలకరు, ఇంటికొస్తాను. ముసలిదాన్నయ్యేదాకా అంతే."

 అప్పుడు ఆమె తల్లి వైపు తిరిగింది.

"మావయ్యకి చెప్పావు. నేను బతికుండగా నాకు చెప్పలేవా అమ్మా?"

సూరమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కంచం తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ కంచం ఎంతసేపు తోమిందో, తళతళలాడే దాకా తోమింది.

తెల్లారింది. లంకయ్య ఏడుగుర్నీ పడవెక్కించుకున్నాడు. తాతబ్బాయి గడకర్రతో పడవ తోశాడు. అవతలి ఒడ్డున దింపేశారు. డప్పు మోగింది.

ఇంటి దగ్గర సూరమ్మ వడ్లు దంచుతోంది. వాళ్ళిల్లు రేవుకి అంత దూరమేం కాదు, డప్పు వినపడుతుంది. పందెం మొదలైనట్టు మోగిన మోత విని, రోకలి ఇంకాస్త గట్టిగా వేసింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు ఒక దెబ్బ వినపడింది. ఒకరు ఒడ్డెక్కారు. రోకలి ఆగింది, మళ్ళీ లేచింది.

ఇంకో దెబ్బ. ఇంకో దెబ్బ. తర్వాత కాస్త ఆగి మరో రెండు. కూతురు ఎప్పుడూ ముందు వరసలోనే ఒడ్డెక్కుతుందని సూరమ్మకి తెలుసు. అడగలేదే గానీ, ఊళ్ళో అందరూ చెప్పుకుంటే విననే వింది. ఈ అయిదింట్లో ఒకటి దానిదే అయ్యుంటుంది అనుకుంది. ఆరో దెబ్బ కూడా పడింది.

ఏడోది పడలేదు.

రోకలి చప్పుట్లో వినపడలేదేమో అని రోకలి గోడకి ఆనించింది. నిలబడి వింది. పక్కింటి కోడి అరిచింది. పక్కింటావిడ దాన్ని తరిమింది. డప్పు మాత్రం మోగలేదు.

ఇక్కడ సూరమ్మని ఆపి, ఏట్లో ఏమైందో చెప్తాను. లేకపోతే నువ్వు భయపడతావు.

వరాలు బాగానే ఈదింది. సగం దాటాక ఎర్రనీరు పట్టి కిందికి లాగేసింది. ఎంత ఎగువకి పట్టినా రేవు వెనక్కి వెళ్ళిపోయింది. చూస్తుండగానే రేవు పాక దాటిపోయింది, తాటితోపు దాటిపోయింది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి రేవుకి చాలా దిగువన, గేదెలు దిగే చోటికి చేరింది. అక్కడ నీళ్ళు మోకాటి లోతే. కాలు కిందపెట్టి గట్టెక్కితే బతికి బయటపడ్డట్టే. కానీ రేవులో ఎక్కితేనే దాటినట్టు. ఆమె కాలు పెట్టలేదు. ఒడ్డు పక్కనే ఎదురు తిరిగి, ఏటికి ఎదురీదడం మొదలుపెట్టింది. నాలుగు బారలు వేస్తే రెండు బారలు వెనక్కి పోతోంది.

అప్పుడు లంకయ్య పడవ వచ్చింది. అతను వంగి తెడ్డు చాపాడు. "పట్టుకో" అన్నాడు.

"వద్దు."

"పట్టుకోమ్మా."

"వద్దు నాన్నా."

మూడోసారి అతని గొంతు మారింది. "వరాలూ, నా మాట విను."

వరాలు నీళ్ళు ఉమ్మేసి, ఊపిరి తీసుకుని అంది. "పడవలో వేసుకుని రేవుకి తీసుకెళ్తావు. పడవలో తెచ్చిన మనిషి గురించి అడగాల్సింది నువ్వే. అప్పుడు ఎవర్ని అడుగుతావు?"

లంకయ్య తెడ్డు వెనక్కి తీసుకున్నాడు. కాసేపు ఆమె బారలు వేయడం చూశాడు. పుట్టి ఇన్నేళ్ళయింది, కూతురు ఈదడం అతను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆ తర్వాత కొడుక్కి సైగ చేశాడు. తాతబ్బాయి గడ వేసి పడవని ఆమెకి ఎగువన నిలిపాడు. వచ్చే నీటి విసురంతా ముందు పడవకి తగిలి, తర్వాత ఆమెకి తగిలేలా. పడవ పట్టుకోకూడదని ఉంది గానీ, పడవ చాటున ఈదకూడదని ఎక్కడా లేదు. అలా ముగ్గురూ మెల్లిగా రేవు వైపు ఎక్కిరావడం మొదలుపెట్టారు.

ఇదంతా సూరమ్మకి తెలీదు. ఆమె వీధి తలుపు దగ్గరికి కూడా వేయకుండా బయల్దేరింది. చేలగట్ల దారి పట్టలేదు. రేవు దారినే నడిచింది. పరిగెత్తలేదట. పరిగెత్తి చేసేదేముంది అన్నట్టు నడిచిందట.

రేవులో జనం ఆమెని చూశారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత సూరమ్మ రేవుకి వచ్చిందంటే ఎందుకొచ్చిందో అందరికీ తెలిసింది.  దారిచ్చారు. కన్నయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. వాళ్ళకీ తెలీదు మరి, ఏటి వంపు అడ్డమొచ్చి దిగువ కనపడటం లేదు.

ఆమె తిన్నగా నీటి అంచుకి వచ్చింది. ముందు నేల చూసింది. మనుషుల్ని పడుకోబెట్టే చోటు చూసింది. అక్కడెవరూ లేరు. తడి ఇసక, జనం తొక్కిన అడుగులు, అంతే.

అప్పుడు తలెత్తింది. వంపు తిరిగి పడవ వస్తోంది. పడవ పక్కన నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచింది, పడింది. మళ్ళీ లేచింది. ఆమెకి ముందు అర్థం కాలేదు. ఆ ఏట్లోంచి తన మనిషి తనంతట తను కదులుతూ రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

సూరమ్మ నీళ్ళలోకి దిగింది. చీలమండలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి.

"అది మా అమ్మాయి" అంది. పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అంది, ఈసారి అవతలి ఒడ్డుకి వినపడేలా. "అది మా అమ్మాయి. మల్లాడి వారి పిల్ల. మా వరాలు."

కన్నయ్య పక్కకొచ్చి నెమ్మదిగా అన్నాడు. "నేనింకా అడగలేదమ్మా."

"అడక్కు" అంది సూరమ్మ.

కన్నయ్య తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. పద్ధతిలో ప్రశ్న ముందు, జవాబు తర్వాత. జవాబు ముందొస్తే ఏం చెయ్యాలో అతని తాత చెప్పలేదు. అడిగిన మాటకే కదా జవాబు కావాలి, జవాబు వచ్చేశాక అడగడం దేనికిలే అని ఆఖరికి తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పేరు పలకెక్కింది. ఆ తర్వాతి ఏడు నుంచీ ఆ రేవులో పందెం రోజున ఎవరూ ఎవర్నీ అడగటం లేదట. మనిషి ఇంకా నీళ్ళలో ఉండగానే ఇంటివాళ్ళు మోకాటి లోతుకి దిగి, పేరు పెట్టి పిలుస్తారట.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం ఇలా జరిగింది.

వరాలు రేవుకి చేరింది. కాళ్ళు కిందపెట్టింది గానీ అవి నిలవలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని లేపారు. ఎవరో చూసే ఓపిక కూడా లేదు. డప్పువాడు కొట్టడం మర్చిపోయి నిలబడ్డాడు. ఆమె కన్నయ్య వైపు చూసి అంది. "అడుగు తాతా. మూడుసార్లూ అడిగేస్తే నేను ఇంటికెళ్తాను."

"చెప్పేశారమ్మా" అన్నాడు కన్నయ్య.

"ఎవరు?"

అప్పుడు చెయ్యి పట్టుకున్నది ఎవరో చూసింది. తల్లి చీర నడుం దాకా తడిసి ఉంది. వెనకాల తండ్రి పడవ దిగి నీళ్ళలో నిలబడ్డాడు, తాడు ఇంకా కట్టలేదు. అన్న గడ పట్టుకుని ఏడుస్తున్నాడు.

"నువ్వా? ఏమన్నావు?" అంది వరాలు. "నాకు వినపళ్ళేదమ్మా. చెవుల్లో నీళ్ళున్నాయి."

సూరమ్మ కూతురి తల పట్టుకుని ఒక పక్కకి వంచింది. చిన్నపిల్లకి తలంటు పోశాక చేస్తారే, అలా చెవి మీద అరచేత్తో తట్టింది. నీళ్ళు కారాయి. రెండో పక్కకి వంచి అటూ తట్టింది. కొంగుతో రెండు చెవులూ తుడిచింది.

అప్పుడు ఆ చెవి దగ్గర నోరు పెట్టి, ఆ మాట మళ్ళీ చెప్పింది. ఈసారి ఒడ్డున ఎవరికీ వినపడలేదు. వరాలుకి వినపడింది.

కథేమో కంచికి,
ఈతేమో అంచుకి,
నువ్వేమో మంచానికి,
నిద్రేమో కంటికి.